పోదనపురం బాహుబలీ, శాంత సూర్యుడూ

బోధన్‌కు పాత పేరు పోదన. బౌద్ధ జాతక కథల్లో అస్సక దేశానికి రాజధాని అయిన పోటలి, దిగంబర జైనుల పురాణాల్లోని పౌదనపురం, రెండూ ఈ ఊరేనని చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. ఆ జైన కథలో ఈ ఊరిని ఏలినవాడు బాహుబలి. మొదటి తీర్థంకరుడు ఋషభుడి కొడుకు. అన్న భరతుడు దిగ్విజయం ముగించుకొచ్చి తమ్ముణ్ణీ లొంగిపొమ్మన్నాడు. రెండు సైన్యాలు అనవసరంగా చావడం ఎందుకని అన్నదమ్ములిద్దరే తలపడ్డారు. దృష్టి యుద్ధం, జల యుద్ధం, మల్ల యుద్ధం. మూడింటా తమ్ముడే గెలిచాడు. గెలిచిన ఆ క్షణంలోనే రాజ్యం మీద రోత పుట్టింది. అన్నీ వదిలేసి అడవిలో నిలువుకాళ్ల మీద తపస్సుకు నిలబడ్డాడు.

ఏడాదిపాటు కదల్లేదు. పాదాల పక్కన పుట్టలు లేచాయి. తీగలు తొడలను చుట్టుకుని భుజాల దాకా పాకాయి. చూసినవాళ్లంతా ఇంతకంటే శాంతమూర్తి ఉండడనుకున్నారు. అయినా సర్వమూ తెలిసే కేవలజ్ఞానం రాలేదు. ఎందుకు రాలేదన్న దగ్గర కథలు తలా ఒక తీరుగా చెబుతాయి. తాను నిలబడిన నేల కూడా భరతుడిదేనన్న బాధ ముల్లులా గుచ్చుతూ ఉండిందని ఒక కథ. తన వల్ల అన్న మనసు నొచ్చుకుందన్న దిగులు వదల్లేదని జినసేనుడి ఆదిపురాణం. తనకంటే ముందే సన్యసించిన తమ్ముళ్లకు మొక్కాల్సి వస్తుందన్న అభిమానమే అడ్డుపడిందనీ, అక్కాచెల్లెళ్లు బ్రాహ్మీ సుందరీ వచ్చి ఆ అభిమానాన్నే ఏనుగుతో పోల్చి ‘ఏనుగు దిగు’ అని హెచ్చరించారనీ శ్వేతాంబరుల మాట. (వాళ్ల లెక్కలో ఆయన రాజధాని తక్షశిల.) కారణం ఏదైనా విషయం ఒకటే. ఒంట్లో ఒక్క నరం కదలని మనిషి లోపల ఒక ఆలోచన ఏడాదిపాటు మెలితిరుగుతూనే ఉంది.

గంగరాజుల సేనాని చావుండరాయడి తల్లి పౌదనపురంలోని బాహుబలి విగ్రహాన్ని చూడాలని తపించిందనీ, అక్కడికి చేరే దారి లేదని తెలిసి కొడుకు 10వ శతాబ్దం చివర శ్రవణబెళగొళ కొండ మీద కొత్త విగ్రహాన్ని చెక్కించాడనీ కన్నడ దేశపు ఐతిహ్యం. ఆ ఏకశిలా ముఖాన్ని వెయ్యేళ్లుగా లక్షల మంది చూస్తున్నారు. ఆ ముఖంలో మెలిక కనబడదు.

మతాలన్నీ శాంతాన్ని కొలుస్తాయి. శాంతాన్ని గుర్తుపట్టడానికి మాత్రం మన దగ్గర ఉన్నవి కన్నూ చెవీ మాత్రమే. కదలకపోతే శాంతమనీ, గొంతు లేవకపోతే శాంతమనీ అనుకుంటాం. ఈ గుర్తు ఎంతవరకు నమ్మదగ్గది? ఇది తాత్విక ప్రశ్న. దానికి ఈ వంద, నూటయాభై ఏళ్లలో దొరికిన అతి పెద్ద ఉదాహరణ రోజూ తెల్లారి మన నెత్తి మీదికే వస్తోంది.

సూర్యుడి మీద మచ్చలు లేని చోటును ఖగోళ శాస్త్రజ్ఞులు శాంత సూర్యుడు అంటారు. సుమారు 11 ఏళ్లకోసారి మచ్చలు పెరిగి తగ్గుతాయి. అవి దాదాపు మాయమయ్యే నెలల్లో ముఖం మొత్తం శాంతమే. మచ్చలు నిండుగా ఉన్న ఏడాదిలో కూడా ఉపరితలంలో అత్యధిక భాగం ఈ కోవకే చెందుతుంది. అరిస్టాటిల్ శిష్యపరంపర ఆకాశం మార్పులేనిదని నమ్మింది. గెలీలియో 1612లో మచ్చలను గీసి చూపినప్పుడు షైనర్ అనే జెసూట్ గురువు అవి సూర్యుడికి అంటినవి కావనీ, మధ్యలో తిరిగే చిన్న గ్రహాలనీ వాదించాడు. నిష్కళంకమైనదే పూజ్యమన్న భావం అంత బలంగా ఉండేది. మచ్చల వాదం చివరికి గెలిచింది. కానీ మచ్చలు లేని చోట ఏమీ జరగదన్న ఊహ మాత్రం చాలాకాలం బతికే ఉంది.

అక్కడ జరిగేది ఇది. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న వాయువు. లోపలి నుంచి మరింత వేడి వాయువు సెకనుకు ఒకటి రెండు కిలోమీటర్ల వేగంతో పైకి పొంగుతుంది. పైకి వచ్చి వెలుగు విరజిమ్మి, చల్లబడి, పక్కలకు పరుచుకుని, అంచుల దగ్గర మళ్లీ కిందికి దిగుతుంది. ఇలా పొంగే ఒక్కో మడుగును గ్రాన్యూల్ అంటారు. ఒక్కోటి సుమారు వెయ్యి కిలోమీటర్ల వెడల్పు, అంటే నిజామాబాద్ నుంచి ఢిల్లీ ఉన్నంత దూరం. సూర్యుడి ముఖం మీద ఏ క్షణాన చూసినా ఇలాంటివి లక్షల్లో ఉంటాయి. ఒక్కోదాని ఆయుష్షు పది నిమిషాలు, అంతే. ఒకటి చెదురుతుంటే పక్కన ఇంకొకటి పొంగుతుంది.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించాలి. సూర్యుడి వెలుగు మన దాకా రావడానికి సుమారు 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. దుర్భిణిలో అప్పుడే పుట్టినట్టు కనిపిస్తున్న గ్రాన్యూల్ మనం చూసే వేళకు అక్కడ ముసలిదైపోయింది, చాలాసార్లు పోయింది కూడా. క్షణికవాదాన్ని బోధించిన బౌద్ధులు దీపపు మంటను చూపి చెప్పేవారు. ఇప్పటి మంట ఇందాకటి మంట కాదనేవారు. సూర్యుడి ముఖం విషయంలో అది ఉపమానం కూడా కాదు, నేరుగా కొలిచిన సంగతి. నిన్న ఉదయం కనబడిన ఉపరితలంలోని ఒక్క గ్రాన్యూల్ కూడా ఈ ఉదయం లేదు.

ఈ చిన్న పొంగుల కింద మరో పెద్ద కదలిక ఉంది. దాని పేరు సూపర్ గ్రాన్యూల్. వెడల్పు సుమారు 30 వేల కిలోమీటర్లు, రెండు భూగోళాలను పక్కపక్కన పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఆయుష్షు ఒక రోజు, కొంచెం అటూ ఇటూ. అందులో వాయువు నడుమ నుంచి అంచులకు సెకనుకు మూడు నాలుగు వందల మీటర్ల వేగంతో పారుతుంది. చెరకు సీమ వాళ్లకు ఇది చెప్పడం తేలిక. బెల్లం వండే కడాయిలో రసం కాగుతున్నప్పుడు నడుమ పొంగు లేస్తుంది, పక్కలకు పారుతుంది, రెండు పారుళ్లు ఎదురైన చోట కిందికి మునుగుతుంది. రసంలోని మడ్డి మునగదు. పారుళ్లు కలిసే గీతల వెంట తెట్టు కట్టి పోగవుతుంది. పనివాడు జల్లెడ గరిటె పెట్టి తీసేది అక్కడే. సూర్యుడి మీద అలా అంచులకు కొట్టుకుపోయి పోగయ్యేది అయస్కాంత క్షేత్రం. పోలిక ఇంతవరకే. మడ్డి రసానికి ఎదురు తిరగదు. సూర్యుడి అంచుల్లో మాత్రం క్షేత్రం సన్నటి గొట్టాల్లా బిగిసి వెయ్యి గాస్‌ను దాటుతుంది, వాయువు కదలికనే అడ్డుకునేంత బలపడుతుంది. మన భూమి మీద అయస్కాంత క్షేత్రం అర గాస్‌కు అటూ ఇటూ ఉంటుంది. దానితో పోల్చుకుంటే ఆ బలం ఏపాటిదో తెలుస్తుంది.

ఈ అంచుల వల ఫొటోల్లో ఎప్పుడో పడింది. కొడైకెనాల్ వేధశాలలో 20వ శతాబ్దం తొలి దశకం నుంచీ కాల్షియం విడుదల చేసే ఊదారంగు వెలుగులో సూర్యుణ్ణి గాజు పలకల మీదికి ఎక్కిస్తూ వచ్చారు. అదే వేధశాలలో 1909లో జాన్ ఎవర్షెడ్ మచ్చల చుట్టూ వాయువు బయటికి పారుతోందని కనిపెట్టాడు. ఆ పలకల మీద మచ్చలు లేని చోట కూడా వెలుగు గీతల వల కనిపిస్తుంది. దశాబ్దాలపాటు దాన్ని చూశారు, భద్రంగా దాచారు. అది అయస్కాంత క్షేత్రాల పటమని ఎవరికీ తెలియదు. 1959 నుంచి 1964 దాకా అమెరికాలో రాబర్ట్ లైటన్, ఆయన సహచరులు చేసిన కొలతలతో గుట్టు విడింది. ఆ కాల్షియం వెలుగు ఉన్న చోటల్లా అయస్కాంత క్షేత్రం ఉంది. ఆ గీతలు సూపర్ గ్రాన్యూల్ అంచులే.

ఆ కాల్షియం వెలుగు కథలో హైదరాబాద్ సంస్థానానికీ చోటుంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బప్పు. నిజాం కళాశాలలో చదివాడు, సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతో హార్వర్డ్ వెళ్లాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి అదే కాల్షియం గీత వెడల్పును బట్టి నక్షత్రాల అసలు కాంతిని లెక్కగట్టవచ్చని చూపాడు. 1960లో కొడైకెనాల్‌కు అధిపతిగా వెళ్లాడు. బోధన్‌కు నీళ్లిచ్చిన నిజాంసాగర్, చెరకును చక్కెర చేసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, సూర్యుణ్ణీ నక్షత్రాలనూ చదవడం నేర్పిన నిజామియా, మూడూ నిజాంల పాలనలోవే. మొదటి రెండింటిలాగే మూడోది కూడా తెలంగాణ పిల్లలకు తెలియాలి.

ఇక అసలు చిక్కుముడి. అంచుల వల సంగతి తేలాక, ఆ వల కన్నుల మధ్య ఉన్న విశాలమైన ఖాళీ మాటేమిటి? అయస్కాంత క్షేత్రాన్ని దూరం నుంచి కొలవడానికి 1896లో పీటర్ జీమన్ కనిపెట్టిన సూత్రం ఉంది. క్షేత్రంలో పుట్టిన వెలుగు వర్ణపటంలోని గీత చీలుతుంది, ఆ చీలికలకు వేర్వేరు ధ్రువణం, అంటే వెలుగు అల ఊగే తీరు, ఉంటుంది. 1908లో జార్జ్ ఎలరీ హేల్ దీనితోనే మచ్చల్లో క్షేత్రాన్ని పట్టుకున్నాడు. వల కన్నుల మధ్య అదే పరికరం పెడితే సంకేతం దాదాపు సున్నా. అక్కడ ఏమీ లేదనుకోవడానికి అది చాలదా?

చాలదు. దుర్భిణి ఒక్కో బిందువులో వందల కిలోమీటర్ల మేర వెలుగును కలిపి కొలుస్తుంది. ఆ మేరలో ఉత్తరం వైపు చూసే క్షేత్రం, దక్షిణం వైపు చూసే క్షేత్రం పక్కపక్కనే పెనవేసుకుని ఉంటే జీమన్ సంకేతాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కూడిక సున్నా వస్తుంది. క్షేత్రం మాత్రం నిండుగా ఉంటుంది. దీన్ని బయటపెట్టడానికి మరో దారి కావలసి వచ్చింది. 1920లలో విల్హెల్మ్ హాన్లే అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గమనించిన సూత్రం ఉంది. పరమాణువులు వెదజల్లిన వెలుగుకు సహజంగా కొంత ధ్రువణం ఉంటుంది. అయస్కాంత క్షేత్రం ఆ ధ్రువణాన్ని తగ్గిస్తుంది. క్షేత్రం ఎటు చూసినా, ఎంత చిక్కుపడినా తగ్గింపు తగ్గింపే, ఎదురెదురు క్షేత్రాలు ఇక్కడ కొట్టేసుకోవు. సూర్యబింబం అంచున వెలుగును కొలిచి, క్షేత్రం లేకపోతే ఉండాల్సిన ధ్రువణం కంటే ఎంత తక్కువుందో స్పెయిన్‌లోని కేనరీ దీవుల శాస్త్రజ్ఞుడు హావియెర్ త్రుహియో బ్వేనో బృందం లెక్కగట్టింది. 2004లో ఫలితం ప్రకటించింది. శాంతంగా కనిపించే ఆ చోట సగటున 100 గాస్‌ను మించిన క్షేత్రం చిక్కుపడి దాగి ఉంది. 2006లో జపాన్ పంపిన హినోదె ఉపగ్రహం సూక్ష్మంగా చూసినప్పుడు అదే ఖాళీలో అడ్డంగా పరుచుకున్న క్షేత్రాలు విరివిగా కనబడ్డాయి. 2020లో హవాయిలోని నాలుగు మీటర్ల ఇనోయె దుర్భిణి 30 కిలోమీటర్లంత చిన్న వివరాన్ని కూడా విడదీసింది. చూపు పదునెక్కిన ప్రతిసారీ ఖాళీ అనుకున్నది తగ్గింది.

ఉన్నది కనబడకుండా కప్పేది ఏమిటన్న ప్రశ్నను పోదన రాజ్యమే ఒకప్పుడు మరో రూపంలో అడిగింది. సుత్తనిపాతంలోని పారాయణ వర్గం ప్రకారం బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉండేవాడు. నిర్మల్ జిల్లా బాదనకుర్తి దగ్గరి గోదావరి లంకే ఆయన ఆశ్రమమని కొందరు చరిత్రకారులు గుర్తించారు. బావరి తన శిష్యులు పదహారు మందిని బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లు పైఠాన్, ఉజ్జయిని, విదిశ మీదుగా నడిచి మగధకు చేరారు. మొదట నోరు విప్పినవాడు అజితుడు. లోకాన్ని కప్పేసినది ఏమిటి, అది ఎందుకు ప్రకాశించడం లేదు అని అడిగాడు. అవిద్యే కప్పిందని బుద్ధుడి జవాబు. అజితుడు అక్కడితో ఆగలేదు. అన్ని వైపులా పారే ఈ ప్రవాహాలను ఆపేది ఏమిటని అడిగాడు. ఎరుకే కట్ట అని బుద్ధుడు చెప్పాడు.

ఇదే ఆరాటానికి ఈశావాస్యోపనిషత్తు మరో జవాబు ఇచ్చింది. అక్కడ సత్యం ముఖాన్ని బంగారు పాత్ర ఒకటి మూసి ఉంది. ఆ మూత తీయమనీ, కిరణాలను ఉపసంహరించుకొమ్మనీ ఋషి సూర్యుణ్ణే వేడుకుంటాడు. అంటే మూత బయట ఉంది, సూర్యుడి తేజస్సులోనే ఉంది. బుద్ధుడి లెక్కలో మూత చూసేవాడిలో ఉంది.

శాంత సూర్యుడి విషయంలో మూత ఎక్కడుంది? ఈ ఒక్క సంగతిలో అజితుడికి దొరికిన జవాబే దగ్గరగా వస్తుంది. సూర్యకిరణం ఏదీ దాచలేదు. కొడైకెనాల్ గాజు పలకల మీద పడిన వెలుగులోనూ, మన పెరట్లో పడే వెలుగులోనూ ఆ క్షేత్రాల గుర్తులు ఎప్పుడూ ఉన్నాయి. పెనుగులాడే రెండింటిని కలిపేసి సున్నా అని రాసుకున్నది మన కొలత. కిరణాలను ఉపసంహరించుకొమ్మని వేడుకోవాల్సిన పని పడలేదు. వాటినే ఇంకా ఓపికగా విడదీయాల్సి వచ్చింది. ఋషి ప్రార్థన తప్పని దీనర్థం కాదు. ఆయన చూడగోరింది వాయువుల పటం కాదు, తనలోనూ సూర్యుడిలోనూ ఒకడే అయి ఉన్న పురుషుణ్ణి. ఏ దుర్భిణీ ఆ చూపు జోలికి పోలేదు, పోనూ జాలదు.

ఇక్కడ రెండు తొందరపాట్లు కనిపిస్తుంటాయి. సూర్యుడి ఏడు గుర్రాలే వర్ణపటమనీ, అయస్కాంత గొట్టాలే ఫలానా మంత్రంలోని నాడులనీ ఉపన్యాసాల్లో చప్పట్లు కొట్టించడం మొదటిది. అలా చెబితే పాతవాళ్ల గౌరవం పెరగదు. వాళ్లు నిజంగా అడిగిన ప్రశ్న మరుగునపడుతుంది. ‘మీరు మొక్కేది ఉత్త వాయువుకే’ అని నవ్వడం రెండోది. మాఘమాసంలో రథసప్తమి నాడు తల మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి, పిడకల మంట మీద పాలు పొంగించి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఇల్లాలు సూర్యుడు కదలని బంగారు పళ్లెమని ఎప్పుడూ అనుకోలేదు. ఆమెకు తెలిసిన సూర్యుడు రథం మీద పరిగెత్తేవాడు. అదే రోజుల్లో నిజామాబాద్ పల్లెల్లో పసుపు తవ్వకాలు సాగుతుంటాయి. ఉడకబెట్టిన కొమ్ములూ మండలూ కల్లాల్లో పల్చగా పరిచి ఉంటాయి. పూటపూటకూ వాటిని తిరగేస్తూ పోతారు. రెండు వారాలు ఎండ బాగా కాస్తే కొమ్ము విరిచినప్పుడు గట్టిగా టక్కుమంటుంది, మార్కెట్‌లో ధర పలుకుతుంది. నడుమ మబ్బు పడితే తేమ మిగులుతుంది, రంగు దెబ్బతింటుంది. ఈ రైతుకు సూర్యుడి శాంతంతో పనిలేదు, ఆయన పనితో పని. పూజకు కావాల్సింది నిశ్చలతే అయితే సూర్యుడు ఎప్పుడో పూజార్హత పోగొట్టుకునేవాడు.

పోగొట్టుకోవాల్సింది మరొకటుంది. సున్నాను శాంతం అని పిలిచే అలవాటు.

ఆ అలవాటు ఆకాశం దగ్గర ఆగదు. 1930ల చివర వెలసిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే పుట్టింది. 2015 చివర అది మూతపడింది. క్రషింగ్ కాలంలో చెరకు బండ్లతో కిక్కిరిసే దారి ఇప్పుడు నిమ్మళంగా ఉంటుంది. దారిన పోయేవాడికి అది ప్రశాంతంగా కనిపిస్తుంది. తెరిపించమని అడుగుతూ వచ్చిన కార్మికుల కోపం ఒక వైపు, చెరకు వదిలి వరికీ సోయాకూ మళ్లిన రైతుల రాజీ ఇంకో వైపు, రెండూ ఒకే ఊళ్లో ఎదురెదురుగా ఉన్నాయి. దూరం నుంచి కొలిస్తే కూడిక సున్నా. ‘పరిస్థితి ప్రశాంతం’ అని రాసే వార్తా, ‘మా ఇంట్లో ఏ గొడవా లేదండి’ అనే పెద్దమనిషీ, కళ్లు మూసుకుని కూర్చోగానే మనసు ఖాళీ అయిందనుకునే సాధకుడూ చాలాసార్లు చేసేది ఇదే కూడిక. భార్య మింగిన మాట, భర్త మింగిన మాట ఎదురెదురుగా నిలిచిన ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది. జైన గురువు కుందకుందాచార్యుడు తన భావపాహుడలో బాహుబలి అభిమానాన్ని ఎత్తి చూపింది ఇందుకే కావచ్చు. దేహం మీద మమకారం వదిలినవాడికి కూడా ఆ ఒక్కటి వదల్లేదని ఆయన సన్యాసులకే చెప్పాడు, సంసారులకు కాదు.

అయితే శాంతం అనేదే లేదా? ఆ మాట అనడానికి సూర్యుడు ఒప్పుకోడు. ఇంత పొంగులోనూ ఆయన మొత్తం వెలుగు 11 ఏళ్ల చక్రంలో వెయ్యింట ఒక వంతు మేరకే మారుతుంది. పసుపు ఎండేదీ, వరి పండేదీ ఆ నిలకడ మీదనే. ఆ నిలకడ కదలిక ఆగడం వల్ల రాలేదు. లోపలి నుంచి పైకి చేరిన వేడిని లక్షల పొంగులు నిలవ ఉండనివ్వకుండా ఎప్పటికప్పుడు వదిలేస్తూనే ఉన్నాయి. బాహుబలిలో నిలవ ఉండిపోయింది ఏమిటో జైన కథకులు బాగా ఎరుగుదురు. అది కదిలిన రోజునే ఆయనకు జ్ఞానం కలిగిందని మూడు కథలూ ఒప్పుకుంటాయి.

కొట్టేసుకున్నట్టు కనిపించిన ఆ క్షేత్రాలు నిజానికి ఊరికే పోవడం లేదని కూడా శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారు. సూర్యుడి ఉపరితలం కంటే దాని పైనున్న కరోనా అనే వాతావరణం వందల రెట్లు వేడిగా, పది లక్షల డిగ్రీలను దాటి ఉంటుంది. ఎదురెదురు క్షేత్రాలు మెలిపడి తెగి, మళ్లీ అతుక్కుంటున్నప్పుడు పుట్టే చిన్నచిన్న విస్ఫోటాలే ఆ వేడికి మూలం కావచ్చని 1988లో యూజీన్ పార్కర్ ప్రతిపాదించాడు. అలలే ఆ వేడిని మోసుకెళుతున్నాయని మరో వాదం. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్1 ఇప్పుడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, గ్రహణాలు అడ్డురాని చోట నిలిచి ఆ కరోనానే చూస్తోంది. ప్రస్తుత చక్రం తగ్గుముఖం పట్టి మచ్చలు మళ్లీ అరుదయ్యే ఏళ్లలో దాని ముందు ఉండేది చాలావరకు ఈ శాంత సూర్యుడే. రెండు వాదాల్లో ఏది ఎంతవరకు నిజమో తేల్చడానికి ఆ ఏళ్లు మంచి అదను.